తడిమి తప్పుకొను యంత్రపు బొద్దింక

మీట నొక్కగానే పరుగెత్తు కారుబొమ్మను మీరందరును చూచియుందురు. అది గోడకు తగిలి ఆగిపోయినను దాని చక్రములు తిరుగుచునే యుండును. ఎదుట గోడ యున్నదని దానికి తెలియదు. వంటయింటి బొద్దింక అట్టిది కాదు. చీకటిలో పరుగెత్తుచు, తలముందరి రెండు సన్నని స్పర్శశృంగములతో దారిని తడిమి, అడ్డు తగిలినంతనే ప్రక్కకు మరలును. ఈ రెంటికిని గల భేదమును చేతితో చేసి తెలిసికొనుటకై మన మొక యంత్రపు బొద్దింకను నిర్మింతము.

ఇట్టి యంత్రములను 'రోబో' లందురు. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రచించిన 'ఆర్.యు.ఆర్.' అను నాటకము వలన ఈ పేరు లోకమున వ్యాపించెను. నిర్బంధపు చాకిరి అను నర్థముగల చెక్ పదము దీనికి మూలము. 1948-49 సంవత్సరములలో గ్రే వాల్టర్ అను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున రెండు యంత్రపు తాబేళ్లను చేసి, వానికి ఎల్మర్, ఎల్సీ అని పేర్లు పెట్టెను. ఒక్కొక్క దానిలో రెండేసి రేడియో వాల్వులు మాత్రమే యుండెను. అయినను అవి వెలుతురును వెదకుకొనుచు పోయెడివి. పైడొప్పకు అడ్డు తగిలినచో దారి మార్చుకొనెడివి. స్థితిని గ్రహించుట, గ్రహించినదానిని బట్టి నడచుట అను రెండు గుణములే వానిని బొమ్మలనుండి వేరుచేసినవి. మన బొద్దింకకును ఆ రెండే కావలెను.

కావలసిన వస్తువులు

బొమ్మలలో వాడు చిన్న మోటారులు 2, ఒకటిన్నర వోల్టుల పెన్సిలు ఘటములు 2, అవి రెండును పట్టు ప్లాస్టిక్ పెట్టె 1, పొడవాటి రేకు మీట గల మైక్రోస్విచ్చులు 2, సాధారణమైన చిన్న స్విచ్చి 1, సైకిలు వాల్వు ట్యూబు కొంచెము, ఒక పూస, కాగితములకు పెట్టు ఇనుప క్లిప్పు, చీపురునుండి తీసిన కొబ్బరి ఈనెలు 2, సన్నని విద్యుత్తీగ, జిగురు, దారము.

వీనిని అంగడిలో ఆ ఊరి భాషలోనో, ఇంగ్లీషు పేర్లతోనో అడుగవలసివచ్చును. అందు దోషము లేదు. అయితే ప్రతి వస్తువును చేయు పని ఏమో మన మాటలలో మన ప్రక్కవానికి చెప్పగలిగిననాడే అది మనకు తెలిసినట్లు. కావున కొన్న వెంటనే అతికింపక, ఒక్కొక్క దానిని చేత పట్టుకొని దాని పనిని చెప్పుకొనుడు.

శరీర నిర్మాణము

ఘటముల పెట్టెయే బొద్దింక శరీరము. దాని ముందుభాగమున ఇరుప్రక్కల మోటారులను, ఇరుసులు వెలుపలికిని క్రిందికిని వాలి నేలకు తగులునట్లు ఏటవాలుగా అతికింపవలెను. ఇరుసులకు వాల్వు ట్యూబు ముక్కలను తొడుగవలెను. ఈ ఇరుసులే చక్రములు. ఇనుప క్లిప్పును వంచి, దానికి పూసను గ్రుచ్చి, వెనుక తోకవలె అమర్చినచో మూడవ ఆధారము ఏర్పడును.

ఇంత సన్నని చక్రములేల యని మీరడుగవచ్చును. లెక్క చూడుడు. ట్యూబుతో కూడిన ఇరుసు వ్యాసము 4 మిల్లీమీటర్లనుకొందము. దాని చుట్టుకొలత సుమారు 12.5 మిల్లీమీటర్లు. మోటారు సెకనుకు 30 చుట్లు తిరిగినచో బొద్దింక సెకనుకు 37 సెంటీమీటర్లకు పైగా పోవును. అంతకు పదిరెట్లు వ్యాసము గల చక్రము పెట్టినచో వేగమును పదిరెట్లగునని ఆశపడరాదు. చక్రము పెద్దదైనకొలది దానిని త్రిప్పుటకు మోటారు పడవలసిన శ్రమయు పెరుగును. అంత బలము లేని మోటారు గుఱ్ఱుమని నిలిచిపోవును.

శరీరము ముందు మైక్రోస్విచ్చులను అతికించి, వాని రేకు మీటలకు కొబ్బరి ఈనెలను దారముతో చుట్టి జిగురు పెట్టవలెను. ఇవియే స్పర్శశృంగములు. ఈనె అడ్డునకు తగిలి వెనుకకు వంగినపుడు 'టిక్' మని మీట నొక్కుకొనవలెను; అడ్డు తొలగగానే తిరిగి లేవవలెను.

తీగల కూర్పు

మైక్రోస్విచ్చునకు మూడు కొనలుండును. ఒకటి ఉమ్మడి కొన. మీట నొక్కనపుడు ఉమ్మడి కొనతో కలిసియుండునది విశ్రాంతి కొన. నొక్కినపుడు కలియునది స్పర్శ కొన. స్విచ్చిమీద వీనిని వరుసగా 'సి', 'ఎన్.సి.', 'ఎన్.ఓ.' అను ఇంగ్లీషు అక్షరములతో గుర్తింతురు.

రెండు ఘటములును ఒకదానివెంట నొకటి కలిసియున్నవి. ఒక చివర ధనధ్రువము, మరియొక చివర ఋణధ్రువము, నడుమ రెండు ఘటములు కలియు చోటు - ఈ మూడింటినుండి మూడు తీగలు తీయవలెను. రెండు మోటారులలో ఒక్కొక్క కొనను నడిమి తీగకు కలుపవలెను. సాధారణ స్విచ్చిని ఆ నడిమి తీగయందే ఉంచవలెను. విశ్రాంతి కొనలు రెంటిని ధనధ్రువమునకును, స్పర్శ కొనలు రెంటిని ఋణధ్రువమునకును కలుపవలెను. మిగిలినవి మోటారుల రెండవ కొనలు. ఎడమ మోటారు కొనను కుడి స్విచ్చి ఉమ్మడి కొనకు, కుడి మోటారు కొనను ఎడమ స్విచ్చి ఉమ్మడి కొనకు కలుపుడు. ఈ అడ్డదిడ్డపు కూర్పే మన బొద్దింక తెలివి.

అది ఎట్లనగా: ఎడమ ఈనెకు గోడ తగిలెననుకొందము. ఎడమ మీట నొక్కుకొనును. కుడి మోటారునకు విద్యుత్తు తలక్రిందులై, అది వెనుకకు తిరుగును. ఎడమ మోటారు ముందునకే తిరుగుచుండును. అందుచే శరీరము కుడివైపునకు మళ్లి గోడనుండి తప్పుకొనును. తీగలను అడ్డముగా గాక ఏ ప్రక్కవానిని ఆ ప్రక్కకే కలిపినచో, బొద్దింక మరింతగా గోడవైపే తిరుగును. మన దేహమందును కుడి చేతిని కదలించునది మెదడు యొక్క ఎడమ భాగమేయని జీవశాస్త్రము చెప్పుచున్నది.

విశ్రాంతి కొన తీగయు స్పర్శ కొన తీగయు ఎన్నడును ఒకదానికొకటి తగులరాదు. తగిలినచో లఘువలయ మేర్పడి ఘటములు వేడెక్కును. తీగలకు టంకము వేయునపుడు పెద్దవారు దగ్గర నుండవలెను.

లోపములు కనుగొను విధము

మొదట బొద్దింకను చేతనెత్తి పట్టుకొని స్విచ్చి వేయుడు. ఏ మోటారైన వెనుకకు తిరిగినచో, దాని రెండు తీగలను తారుమారు చేసిన చాలును. నేలపై ఉంచినపుడు గుండ్రముగా తిరిగినచో, ఇరుసుల వాలు సమముగా నున్నదో లేదో చూడుడు. కొంతకాలమునకు నడక మందగించి, వెనుకకు మరలుట మాత్రము చురుకుగా నున్నచో, అది వింత కాదు. ముందు నడకకు ఎల్లప్పుడును ధనధ్రువపు వైపు ఘటమే పనిచేయుచున్నది. రెండవది అడ్డు తగిలినపుడే పనిచేయును. ఆ రెంటిని చోటు మార్చి పెట్టుడు.

గోడకు సూటిగా ఎదురుపడినపుడు రెండు ఈనెలును ఒకేసారి నొక్కుకొనును. బొద్దింక తిన్నగా వెనుకకు వచ్చి, మరల తిన్నగా అదే గోడకు పోయి తగులును. పదిమారులైనను అంతే. దానికి స్పర్శ కలదు గాని జ్ఞాపకము లేదు. అంతకుముందు జరిగినది దానికి గుర్తుండదు. ఒక ఈనెను రెండవదానికంటె రెండు అంగుళములు పొడవుగా పెట్టి చూడుడు. పొడవైనది ముందుగా తగిలి, ఆలస్యముగా విడివడుటచే శరీరము ప్రక్కకు మళ్లును. జ్ఞాపకము లేని లోటును మనము ఒక ఈనెతో కొంత పూరించితిమి.

అయితే రెండు గోడలు కలియు ఇరుకు మూలలో అది ఏమి చేయును? ముందుగా మీ ఊహను కాగితముపై వ్రాసి, తరువాత బొద్దింకను మూలలో విడిచి చూడుడు. ఊహ తప్పినచో కాగితము చింపివేయక, తప్పుటకు కారణమును దాని క్రిందనే వ్రాయుడు. ఆ రెండు పంక్తులే ఈ పాఠమున మీరు స్వయముగా సంపాదించిన విజ్ఞానము.