వైరు బాడీకి తగిలితే ఏమవుతుంది?

హైదరాబాద్ నుంచి ముంబై వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు ఇవతల మా చిరాగ్‌పల్లి. మాకు దగ్గర్లోని జహీరాబాద్‌లో 2013లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం వచ్చింది. ఐటీఐ చదివి ప్యానెల్ పనిలోకి దిగే మన పిల్లలు పీఎల్‌సీ (మెషిన్‌ను నడిపే ప్రోగ్రామబుల్ కంట్రోలర్) కొనే ముందు సింక్ ఔట్‌పుట్ తీసుకోవాలా, సోర్స్ తీసుకోవాలా అని అడుగుతారు. వాళ్ల కోసమే ఈ సూచనలు.

1. సోర్స్ అంటే పీఎన్‌పీ. ఔట్‌పుట్ ఆన్ అయితే వాల్వ్ లేదా రిలే కాయిల్‌కు ప్లస్ 24 వోల్టులు పంపుతుంది, కాయిల్ రెండో కొస 0 వోల్టుల మీద ఉంటుంది. సింక్ అంటే ఎన్‌పీఎన్. కాయిల్ మీద ప్లస్ ఎప్పుడూ ఉంటుంది, ఔట్‌పుట్ దాన్ని మైనస్‌కు కలుపుతుంది. మామూలు కాయిల్ రెండింటితోనూ లాగుతుంది. కాబట్టి ఎంపిక చేయాల్సింది వేరే లెక్కతో.

2. ఆ లెక్క ఎర్త్‌ది. సాధారణంగా ప్యానెల్‌లో 0 వోల్టులను, అంటే మైనస్‌ను, ఎర్త్‌కు కలుపుతాం. సింక్ పద్ధతిలో కాయిల్ నుంచి పీఎల్‌సీకి వచ్చే వైరు తోలు ఒరుసుకుపోయి మెషిన్ బాడీకి తగిలిందనుకోండి. కాయిల్‌కు మైనస్ అక్కడే దొరుకుతుంది. పీఎల్‌సీ మీద లైటు వెలగదు, ప్రోగ్రామ్‌లో ఔట్‌పుట్ ఆఫ్‌లోనే ఉంటుంది, అయినా సిలిండర్ కదులుతుంది. ఆ క్షణాన లోపల చెయ్యి పెట్టి పని చేస్తున్న మనిషి సంగతి ఆలోచించండి. సోర్స్‌లో అదే వైరు బాడీకి తగిలితే కాయిల్‌కు ప్లస్ అందదు. ఔట్‌పుట్ ఆన్‌లో ఉంటే షార్ట్ అయి ఫ్యూజు పోతుంది, మెషిన్ మాత్రం కదలదు. మెషిన్ల విద్యుత్ భద్రతకు సంబంధించిన ఐఈసీ 60204-1 ప్రమాణం కూడా ఎర్త్ ఫాల్ట్ వల్ల మెషిన్ తనంతట తాను కదలకూడదనే చెబుతుంది. చెరకు పిప్పి దుమ్ము, తేమ, ఎలుకలు ఉన్న చోట వైరు తోలు ఎన్నాళ్లు నిలుస్తుంది? అందుకే కొత్త ప్యానెల్‌కు నేను సోర్స్ అంటాను. సింక్ తప్పనిసరైతే, ఎమర్జెన్సీ స్టాప్‌తో కాయిల్స్‌కు వెళ్లే ప్లస్‌ను తెంచండి. మైనస్‌ను తెంచితే లాభం లేదు.

3. సెన్సర్లు ఎన్‌పీఎన్ అని ఔట్‌పుట్ కూడా అదే కొనకండి. చాలా పీఎల్‌సీల ఇన్‌పుట్ కామన్‌ను ప్లస్‌కైనా మైనస్‌కైనా కట్టుకోవచ్చు. ఇన్‌పుట్, ఔట్‌పుట్ రెండూ వేర్వేరు నిర్ణయాలు.

4. ఆర్డర్ నంబరు చివరి అక్షరం దాకా చదవండి. మిత్సుబిషి ఎఫ్ఎక్స్3యూలో ఎంటీ/ఈఎస్ సింక్, ఎంటీ/ఈఎస్ఎస్ సోర్స్. దానిలో పాయింటుకు 0.5 ఆంపియర్లు ఇచ్చినా, నాలుగు పాయింట్ల కామన్‌కు మొత్తం 0.8 మాత్రమే. 10 వాట్ల సొలినాయిడ్ ఒక్కటే 0.42 ఆంపియర్లు లాగుతుంది. ఇవి డీసీ ఔట్‌పుట్లు కాబట్టి 230 వోల్టుల ఏసీ కాంటాక్టర్‌కు మధ్యలో రిలే వేయాల్సిందే.

5. డీసీ కాయిల్‌కు అడ్డంగా డయోడ్ పెట్టండి, గీత ఉన్న కొస ప్లస్ వైపు. తిరగేస్తే షార్టే.

6. పాత సింక్ పీఎల్‌సీ తీసి సోర్స్‌ది పెడితే, కాయిల్స్ కామన్‌ను ప్లస్ నుంచి 0 వోల్టులకు మార్చాలి. మరిచిపోతే ఔట్‌పుట్ ఆన్ అయినప్పుడు కాయిల్ రెండు కొసలా ప్లస్సే ఉంటుంది, ఒక్క వాల్వ్ కూడా లాగదు. కొత్త పీఎల్‌సీని వెనక్కి పంపే ముందు మీటరు కాయిల్ మీద పెట్టి చూడండి.