మట్టిలో చేతులు మారే జన్యువులు

వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాసిమ్మని హాస్టల్ తమ్ముళ్లు అడిగారు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన విషయమే ఎంచుకున్నాను. మన రాంగోపాల్‌పేట్‌లో మట్టి కనబడడమే తక్కువ. అటు చూస్తే రాణిగంజ్ మోటారు పంపుల దుకాణాలు, ఇటు చూస్తే సిమెంటు రోడ్లు. అయినా మనలో చాలామందిమి మట్టి పని చేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. తొలకరి చినుకు పడగానే లేచే కమ్మని వాసన గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నిజానికి ఆ వాసన మట్టిది కాదు. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా, దాని చుట్టాలు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిది.

సారవంతమైన నేలలో ఒక్క గ్రాము మట్టి తీసుకుంటే అందులో కోట్ల కొద్దీ బాక్టీరియాలుంటాయి. అంతమంది ఇరుగుపొరుగుగా ఉన్నచోట మాటలు, పొత్తులు, తగాదాలు అన్నీ ఉంటాయి. వాటి మాటలు రసాయనాలు. ప్రతి కణమూ ఒక రసాయనాన్ని కొద్దికొద్దిగా బయటికి వదులుతుంది. చుట్టూ తనలాంటివి తక్కువగా ఉంటే అది పలచబడిపోతుంది, ఎక్కువగా ఉంటే చిక్కబడుతుంది. ఆ చిక్కదనాన్ని బట్టి మనం ఎంతమందిమి ఉన్నామన్న లెక్క తేల్చుకుని అన్నీ ఒకేసారి పనిలోకి దిగుతాయి. గ్రామసభకు కోరం ఉండాలంటారే, అదే పేరు దీనికీ పెట్టారు: కోరం సెన్సింగ్. మిక్సోకాకస్ అనే మట్టి బాక్టీరియా అయితే తోడేళ్లలాగా గుంపుగా కదిలి ఇతర బాక్టీరియాలను తింటుంది.

దొంగలు కూడా ఉన్నారు. మట్టిలో ఇనుము ఉన్నా అది సులభంగా కరగదు. దాన్ని పట్టి తెచ్చేందుకు కొన్ని బాక్టీరియాలు సిడిరోఫోర్ అనే పదార్థాన్ని తయారుచేసి బయటికి వదులుతాయి. మరికొన్ని ఏమీ తయారుచేయకుండానే పక్కవాళ్లు తెచ్చిన ఇనుమును వాడుకుంటాయి. కూరగాయలు తరిగే వేళకు మాయమై, గంట కొట్టగానే పళ్లెం పట్టుకుని లైన్లో ముందు నిలబడేవాడు ప్రతి హాస్టల్‌లోనూ ఒకడుంటాడు కదా!

ఇక అసలు విషయానికి వద్దాం. జన్యువులు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తాయని మనం చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. బాక్టీరియాలో అవి పక్కవాడి నుంచి కూడా వస్తాయి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఎత్తు, రంగు మా నాయిన నుంచి వచ్చాయి గానీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ మాత్రం పక్క మంచం అన్న దగ్గర జిరాక్స్ తీయించుకున్న నోట్సులోంచి వచ్చింది. ఆ అన్నకు అది అంతకుముందు సీనియర్ ఇచ్చినది. నా దగ్గర నుంచి మరో ఇద్దరికి వెళ్లింది. బాక్టీరియాలో జరిగేది సరిగ్గా ఇదే.

బై.పి.సి. వాళ్లకు మూడు పద్ధతులు గుర్తుండే ఉంటాయి, నాలుగు మార్కుల ప్రశ్న. చచ్చిన కణం నుంచి బయటపడ్డ డి.ఎన్.ఎ.ను బతికున్నది తీసుకుంటే జన్యు పరివర్తన. వైరస్ మోసుకొస్తే జన్యు వహనం. రెండు కణాలు ఒకదానికొకటి అంటుకుని, ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఎ. వలయాన్ని ఇచ్చిపుచ్చుకుంటే సంయుగ్మం. మార్కుల కోసం చదివినప్పుడు ఈ మూడోదాని బలం మనకు తట్టదు. ఇక్కడ ఇచ్చినవాడికి నష్టం లేదు, నకలే వెళ్తుంది, అసలు తన దగ్గరే ఉంటుంది. పైగా తన జాతే కానవసరం లేదు. ముందు చెప్పిన కోరం లెక్కకూ దీనికీ సంబంధం ఉంది. మొక్కలకు కణుతులు తెప్పించే అగ్రోబాక్టీరియం, చుట్టూ తనవాళ్లు తగినంతమంది ఉన్నారని తెలిశాకే తన ప్లాస్మిడ్‌ను పంచడం మొదలుపెడుతుంది.

ఈ పంపకం వల్ల మేలూ ఉంది. వేరుశనగ మొక్కను పీకి చూస్తే వేళ్లకు బుడిపెలుంటాయి. వాటిలోని రైజోబియం జాతి బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. విత్తనాలకు బెల్లం నీళ్లతో రైజోబియం కల్చర్ పట్టించడం మన రైతులకు తెలిసిన పనే. న్యూజిలాండ్‌లో ఒక పొలంలో లోటస్ అనే పశుగ్రాసం మొక్కకు ఇలాగే బయటి నుంచి తెచ్చిన బాక్టీరియాను పట్టించారు. ఏడేళ్ల తర్వాత చూస్తే, అంతకుముందు ఆ మొక్కకు బుడిపె కట్టడం తెలియని స్థానిక మట్టి బాక్టీరియాలు కూడా బుడిపెలు కడుతున్నాయి! అందుకు కావలసిన జన్యువుల మూట మొత్తం వాటిలోకి చేరిపోయింది. 1995లో ఈ సంగతి ప్రచురితమైంది.

ఇప్పుడు రెండోవైపు చూద్దాం. మనం మింగే యాంటీబయోటిక్‌లలో చాలావాటి పుట్టిల్లు మట్టే. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించిన రోజుల్లో, అక్కడ పనిచేసిన డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుక్కున్నాడు. 1948లో ప్రకటించిన ఈ మందు మిస్సోరీలోని ఒక పొలం మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్‌ది. విషం తయారుచేసేవాడి దగ్గర విరుగుడు ఉండాలి కదా, లేకపోతే ముందు తనే చస్తాడు. కాబట్టి మందులను తట్టుకునే జన్యువులు మనం మందులు కనుక్కోకముందు నుంచే మట్టిలో ఉన్నాయి. కానీ అవి మోయడానికి బరువు. అవసరం లేనప్పుడు అవి ఉన్న కణాలు తరచుగా వెనకబడతాయి. మందు చుట్టూ ఉన్నప్పుడు మాత్రం అవి ఉన్నవే మిగులుతాయి.

సికింద్రాబాద్‌లో 219 బస్సెక్కితే పటాన్‌చెరు వెళ్తుంది. 1972లో ఏర్పడి, కంది, శనగ, వేరుశనగ పంటల మీద పరిశోధనలు చేస్తున్న ఇక్రిశాట్ అక్కడే ఉంది. అదే పటాన్‌చెరులో సుమారు 90 మందుల తయారీ కంపెనీల వ్యర్థజలాలు ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరేవి. అక్కడ శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! మన లెక్కలో చెప్పాలంటే ఒక బిందె నీళ్లలో ఒక 500 మిల్లీగ్రాముల మాత్ర కలిపినట్టు. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మందు కంటే ఇది సుమారు పది రెట్లు ఎక్కువ. రోజుకు దాదాపు 45 కిలోల సిప్రో, అంటే 90 వేల మాత్రలు, ఆ నీటితో పోయేవని అంచనా వేశారు. శుద్ధి చేసే బాక్టీరియాకు ఊతంగా ఇళ్ల మురుగునీరు కూడా కలిపేవారు. మనుషుల పేగుల్లోని బాక్టీరియా, మట్టి బాక్టీరియా, మందు, మూడూ ఒకే తొట్టిలో. నోట్సు చేతులు మారడానికి ఇంతకంటే మంచి హాస్టల్ ఉంటుందా?

ఆ నీరు ఇసకవాగులోకి, అక్కడి నుంచి నక్కవాగు మీదుగా మంజీరలోకి వెళ్లేది. ఇసకవాగు అడుగు మట్టిలోని డి.ఎన్.ఎ. చదివి 2011లో ప్రచురించిన పరిశోధనలో మందులను తట్టుకునే జన్యువులతో పాటు వాటిని మోసే ప్లాస్మిడ్లు, ఇంటిగ్రాన్లు కూడా చాలా ఎక్కువగా కనబడ్డాయి. సరుకే కాదు, లారీలు కూడా దొరికాయన్నమాట. అటువంటి కేంద్రం నుంచే తీసిన 93 రకాల బాక్టీరియాలను 39 మందులతో పరీక్షిస్తే, వాటిలో 86 శాతం 20 లేదా అంతకంటే ఎక్కువ మందులను తట్టుకున్నాయని 2013లో మరో పరిశోధన తేల్చింది.

ఇదంతా నాకు పరీక్షల పాఠంలాగా మిగలకపోవడానికి కారణం ఉంది. మా అమ్మ కాలి పుండు రెండు నెలలైనా మానకపోతే కల్చర్ పరీక్ష చేయించాం. రిపోర్టులో వరుసగా ఆరు మందుల పేర్లకు ఎదురుగా ‘ఆర్’ అని ఉంది. ఆర్ అంటే రెసిస్టెంట్, ఆ మందు పనిచేయదని. ఆ కాగితం చదివి అర్థం చెప్పగలిగింది ఇంట్లో నేనొక్కణ్ణే. ఏడో మందు పనిచేసింది, పుండు మానింది. ఆ జన్యువు ఏ వాగు నుంచి, ఏ ఆసుపత్రి నుంచి, ఎన్ని చేతులు మారి అమ్మ కాలిదాకా వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. జిరాక్స్ కాగితం మీద మొదట రాసినవాడి పేరు ఉండదు.

తర్వాత పైపులైను వేసి ఆ వ్యర్థజలాలను అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి, అంటే మూసీ ఒడ్డుకు, మళ్లించారు. అయితే సిప్రో లాంటి మందులు మట్టి రేణువులను గట్టిగా అంటిపెట్టుకుంటాయి. నీరు మళ్లినంత సులభంగా మట్టి మారదు. అదే ప్రాంతంలోని కాజిపల్లి చెరువు మట్టిలోంచి ఈ జన్యువులున్న కొత్త ప్లాస్మిడ్లను లాబ్‌లో ఈ.కోలై బాక్టీరియాలోకి రప్పించగలిగారని 2015లో ప్రచురించారు. ఈ.కోలై మనందరి పేగుల్లోనూ ఉండేదే.

మందుల కంపెనీలు వదిలే నీటిలో ఏ యాంటీబయోటిక్ ఎంతవరకు ఉండవచ్చో చెబుతూ 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా విడుదల చేసింది. అందులో 121 మందులకు పరిమితులున్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పట్టిక లేదు.