అరకు ఘాట్‌లో పాపకు వాంతులు

ప్రశ్న: మాది విశాఖపట్నం. కారులో అరకు వెళ్లి సాయంత్రానికి తిరిగొద్దామనుకుంటున్నాం. మా ఎనిమిదేళ్ల పాపకు ఘాట్ రోడ్డు ఎక్కగానే వాంతులవుతాయి. ఏం చేయాలి?
- ఒక సోదరి

జవాబు: కంగారు పడకండమ్మా, ఇది జబ్బు కాదు. మలుపుల్లో కారు ఊగుతోందని లోపలి చెవి మెదడుకు చెబుతుంది. ఫోన్ చూస్తున్న కళ్లు కదలికే లేదంటాయి. ఈ రెండింటికీ పొంతన కుదరకే వికారం. పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది.

* బయల్దేరే గంట ముందు రెండు ఇడ్లీలు పెట్టండి. ఖాళీ కడుపు వద్దు, పూరీలూ వద్దు.
* వెనక సీటు మధ్యలో బెల్టు పెట్టి కూర్చోబెట్టండి. ఎదురుగా దూరపు కొండల్ని చూడమనండి. ఫోన్, పుస్తకం ఇవ్వకండి.
* అద్దం కాస్త దించండి. మలుపుల్లో నెమ్మదిగా నడపండి. అనంతగిరిలో, బొర్రా గుహల దగ్గర ఆగి కాసేపు నడిపించండి.
* వీలైతే పొద్దున కిరండూల్ రైల్లో వెళ్లండి. కుదుపులు తక్కువ, సొరంగాలు చూస్తూ పాపా సంబరపడుతుంది.

వాంతులు ఆపే మాత్ర సొంతంగా వేయకండి. మోతాదు పిల్లల డాక్టరే చెప్పాలి. కారు దిగాక కూడా వాంతులు ఆగకపోయినా, నీళ్లు ఇమడకపోయినా, చెవినొప్పి, తీవ్రమైన తలనొప్పి, మగత కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.