రక్తము నెక్కించుట యెప్పు డవసరము?

గడచిన వానకాలమున నొక సాయంకాలము మా వసతిగృహమునందలి బాలు డొకని తండ్రి పరుగున వచ్చి, "అయ్యా, మావానికి ప్లేట్‌లెట్లు 42 వేలకు పడిపోయినవట. రక్తమిచ్చువారి నెవరినైన చూపుడు" అని కన్నీరు పెట్టుకొనెను. పిల్లవానికి డెంగ్యూ జ్వరము. ఉపాధ్యాయులము నలుగురము రాత్రికి రాత్రి ఆసుపత్రికి పోయితిమి. అచ్చటి వైద్యురాలు పిల్లవాని నాడి చూచి, చేతులు తాకి చూచి, "వీనికి ప్లేట్‌లెట్లు అక్కరలేదు, నీరు కావలెను" అని చెప్పి మమ్ము పంపివేసిరి. ఆ మాట మాకు రుచింపలేదు. సంఖ్య పడిపోవుచుండగా ఊరకుండుటయా యని దారి పొడవునను గొణుగుకొంటిమి. తరువాత విచారించి తెలిసికొన్న సంగతులను మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఇందు తెలుపుచున్నాము.

రక్తము చూపునకు ఒకే ద్రవమువలె నున్నను అందు పెక్కు వస్తువులు కలవు. ఎఱ్ఱకణములు ప్రాణవాయువును మోయును. వాని ఆయుస్సు సుమారు 120 దినములు. ప్లేట్‌లెట్లు అంతకంటె మిక్కిలి చిన్నవి. రక్తనాళము తెగినచోట ఇవి గుమిగూడి ఆ రంధ్రమును పూడ్చును. ఇవి బ్రదుకునది 8 మొదలు 10 దినములు మాత్రమే. వీని పనిని 1882లో ఇటలీ దేశస్థుడగు బిజొజేరో వివరించెను. మిగిలినది ప్లాస్మా యను పసుపుపచ్చని నీరు. ఒకరి రక్తము మఱియొకరికి సరిపడకుండుటకు గల కారణమును 1901లో వియన్నా నగరమున లాండ్‌స్టైనర్ పండితుడు రక్తవర్గములను కనుగొని తెలిపెను. ఆయనకు 1930లో నోబెల్ బహుమాన మీయబడెను.

ఒక దాత యిచ్చిన రక్తమును నేడు మూడుగా విడదీయుదురు. ఎఱ్ఱకణములను తగిన ద్రావణమున చల్లగా నుంచినచో 42 దినములవఱకు నిలుచును. ప్లాస్మాను గడ్డకట్టించి ఏడాది యుంచవచ్చును. ప్లేట్‌లెట్లు మాత్రము చలికి తాళజాలవు. వానిని 20 మొదలు 24 డిగ్రీల వెచ్చదనమున, ఉయ్యాలలోని పసిబిడ్డవలె ఎడతెగక ఊపుచుండవలెను. అట్లుంచినను సాధారణముగా 5 దినములకు మించి పనికిరావు. కావున అక్కరలేనివాని కెక్కించిన సంచి, మఱునాడు అక్కర గలవానికి దొరకక పోవచ్చును.

ప్రమాదమున రక్తము ధారగా పోయినప్పుడును, కాన్పులో తల్లికి రక్తస్రావము నిలువనప్పుడును ఆలస్యము చేయరాదు. అచ్చట రక్తమే ప్రాణము. ఇతర సందర్భములలో రోగి స్థితినిబట్టి నిర్ణయింపవలెను. 1999లో కెనడా దేశమున తీవ్రరోగులు 838 మందిపై జరిగిన పరిశోధనలో, 100 మిల్లీలీటర్ల రక్తమున హిమోగ్లోబిన్ 7 గ్రాములకు తగ్గినప్పుడే రక్తమిచ్చిన పక్షము, 10 గ్రాములకు తగ్గగనే ఇచ్చిన పక్షముకంటె ఏమాత్రమును చెడిపోలేదు. ఇనుము లోపించి పాలిపోయిన బాలికకు సాధారణముగా కావలసినవి ఇనుపధాతువు మాత్రలును మంచి యాహారమును గాని రక్తపుసంచి గాదు.

ఇక ప్లేట్‌లెట్ల మాట. ఆరోగ్యవంతుని రక్తమున ఘన మిల్లీమీటరుకు లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షలవఱకు ఇవి యుండును. రక్తపు క్యాన్సరునకు చికిత్స పొందువారి ఎముకలలోని మూలుగ వీనిని పుట్టింపజాలదు. అట్టివారికి రక్తము స్రవింపకున్నను 10 వేలకు తగ్గినప్పుడు ముందుగానే ఎక్కింతురు. ఇది వారికి నిజమైన రక్ష. డెంగ్యూలో స్థితి వేఱు. అందు ప్లేట్‌లెట్లు పుట్టుట తగ్గుటయేగాక, ఉన్నవియు నశించుచుండును. బయటనుండి పోసినవియు నట్లే పోవును. 2017లో ప్రకటింపబడిన సింగపూరు, మలేషియా వైద్యుల పరిశోధనలో, 20 వేలు గాని అంతకు తక్కువ గాని ప్లేట్‌లెట్లుండిన 372 మంది పెద్దలను రెండు పక్షములుగా చేసిరి. ప్లేట్‌లెట్లు ఎక్కించినవారిలో నూటికి 21 మందికిని, ఎక్కింపనివారిలో నూటికి 26 మందికిని రక్తస్రావ మయ్యెను; ఈ భేదము లెక్కకు నిలుచునంతటిది కాదు. దద్దురులు మొదలగు ఉపద్రవములు మాత్రము ఎక్కించినవారిలో 13, తక్కినవారిలో 2.

డెంగ్యూలో పెక్కుమారులు ప్రాణము తీయునది సంఖ్య గాదు. రక్తనాళములనుండి ప్లాస్మా వెలికి ఊరిపోవుట. అదియు జ్వరము తగ్గి, ఇంటివారు "హమ్మయ్య" యని ఊపిరి పీల్చుకొను దినములలోనే జరుగును. కడుపున విడువని నొప్పి, మాటిమాటికి వాంతులు, చల్లబడిన చేతులు, మూత్రము తగ్గుట, చిగుళ్లనుండి గాని ముక్కునుండి గాని రక్తము, మగత — వీనిలో ఏది కనబడినను తెల్లవారువఱకు వేచియుండరాదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రల నీయరాదు; జ్వరమునకు పారాసిటమాల్ చాలును. బొప్పాయి ఆకు రసమును గూర్చి మాకు చెప్పనివారు లేరు! ఆ చేదునకు పిల్లవాడు వాంతి చేసికొనినచో త్రాగిన నీళ్లును పోవునని మాత్రము మనవి. రక్తస్రావము అధికముగా నున్నచో డెంగ్యూలోను ప్లేట్‌లెట్లు వలసియుండును. ఆ నిర్ణయము వైద్యునిది.

మా బాలుని సంఖ్య రెండవనాడు 28 వేలకు దిగెను. తండ్రి మరల మావైపు చూచెను; మేమును వైద్యురాలివైపు చూచితిమి. ఆమె సెలైను చుక్కల వేగమును సరిచేసి, మూత్రము కొలిచి వ్రాయుమని తల్లికి చెప్పిరి. నాలుగవనాటికి సంఖ్య తనంతట తానే 60 వేలు దాటెను. వారము కాగానే పిల్లవాడు బడికి వచ్చెను. ఆ రాత్రి వెనుదిరిగిన మా నలుగురిలో ఇద్దరము, తరువాత నెలలో, కాన్పు కష్టమైన ఒక తల్లికొఱకు అదే ఆసుపత్రిలో రక్తమిచ్చితిమి. ఆ దినమున వైద్యురాలు మమ్ము ఇంటికి పొమ్మనలేదు.