కాపరి మారు కాలము: తాత్కాలిక కాపరులకు తర్ఫీదు

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 27:15–23, తీతుకు 1:5, 3:12, 1 కొరింథీయులకు 3:5–9



కోయంబత్తూరు, మధురై పట్టణములలోని మన పాత తెలుగు కాలనీలలో పాస్టరుగారు ప్రసంగీకుడు మాత్రమే కాడు. పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పువాడు ఆయనే. ఆఫీసులకు అర్జీలు వ్రాసిపెట్టువాడు, అర్ధరాత్రి మరణమైన యింటికి మొదట వచ్చువాడు ఆయనే. అట్టి సేవకుడు రిటైరైనను, ప్రభువునందు నిద్రించినను, సంఘము ఒక్కసారిగా చాలా పోగొట్టుకొనును. అప్పుడు మనము భయపడి తొందరపడుదుము. పులిపిట ఖాళీగా ఉండరాదని దొరికినవారిని పిలుతుము. రెండేండ్లు తిరుగక ముందే ఆయన వెళ్లిపోవును, సంఘము రెండు పక్షములగును. తప్పు వచ్చిన కాపరిది మాత్రమే కాదు. మధ్య కాలమును మనము సరిగా గడపలేదు. ఈ పాఠములో మేము చెప్పగోరినది ఇదే: ఆ మధ్య కాలమునకు ఒక పని గలదు, ఆ పనికి తర్ఫీదు పొందిన మనుష్యుడు కావలెను.

1. వాక్యములోని మాదిరి

మోషే తన తరువాతి నాయకుని కొరకు తానే దేవుని అడిగెను. యెహోషువను యాజకుని యెదుటను, సర్వసమాజము యెదుటను నిలువబెట్టి బాధ్యత అప్పగించెను. చాటుగా ఏదియు జరుగలేదు.

తీతు సంగతి మనకు మరి దగ్గరైనది. పౌలు ఆయనను క్రేతులో విడిచిపెట్టినది మిగిలిన పనులు చక్కబెట్టి, పట్టణ పట్టణమునకు పెద్దలను నియమించుటకే. అదే పత్రిక చివర, అర్తెమా గాని తుకికు గాని వచ్చినప్పుడు నీవు నికొపొలికి బయలుదేరి రమ్మని వ్రాసెను. తీతు పనికి ఉద్దేశము ఉండెను, ముగింపును ఉండెను. తాత్కాలిక కాపరికి ఇంతకంటె మంచి మాదిరి లేదు.

2. మన చరిత్రలో

నెల్లూరులో 1844లో బాప్టిస్టు సంఘము ఏర్పడెను. కొద్ది కాలమునకే ఎస్.ఎస్. డే దొరగారు ఆరోగ్యము చెడి స్వదేశము వెళ్లిరి. 1849లో లైమన్ జ్యూయెట్ దొరగారితో కూడ తిరిగి వచ్చువరకు ఆ చిన్న పనిని సహాయకులే మోసిరి. వెళ్లినవారి పేర్లు, వచ్చినవారి పేర్లు మనకు తెలియును. నడుమ దీపము ఆరిపోకుండ కాచినవారి పేర్లు మనలో ఎందరికి తెలియును? అయినను వారు లేనిచో తిరిగి వచ్చినవారికి ఏమి మిగిలియుండును?

3. మధ్య కాలపు అయిదు పనులు

అమెరికాలో లారెన్ మీడ్ మొదలైనవారు 1970ల నుండి ఈ విషయమును పరిశీలించి, మధ్య కాలములో సంఘము చేయవలసిన అయిదు పనులను గుర్తించిరి. వాటిని మన స్థితికి అన్వయించుకొందము.

మొదటిది, గతముతో సమాధానపడుట. వెళ్లిన కాపరికి కృతజ్ఞత చెల్లింపవలెను. మనస్సులలో దాగిన నొప్పిని ప్రార్థనలో బయటపెట్టవలెను.

రెండవది, నేడు మనమెవరమో తెలిసికొనుట. తమిళనాడులో 2006 చట్టము ప్రకారము ఒకటవ తరగతి నుండి తమిళము తప్పనిసరి. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు గాని, అనేకులు తెలుగు బైబిలు చదువలేరు. రాబోవు కాపరి ఏ భాషలో బోధింపవలెను? అవ్వకును మనుమనికిని ఒకే ప్రసంగము చాలునా? దీనిని తేల్చకుండ కాపరిని పిలిచినచో ఆ జగడము ఆయన మెడకు చుట్టుకొనును.

మూడవది, అధికారము చేతులు మారుట. తాళపు చెవులు, కానుకల లెక్క, స్థలము పత్రములు ఎవరియొద్ద నున్నవో డీకన్లందరి యెదుట వ్రాసికొనవలెను.

నాలుగవది, అసోసియేషనుతోను, పొరుగు తమిళ సంఘములతోను సంబంధములు సరిచూచుకొనుట.

అయిదవది, క్రొత్త కాపరిని ఒకే మనస్సుతో చేర్చుకొనుటకు సిద్ధపడుట.

4. తాత్కాలిక కాపరికి హద్దులు

బాప్టిస్టులమైన మనకు కాపరిని పంపు బిషప్పు లేడు. ప్రతి సంఘము తన కాపరిని తానే ఎన్నుకొనును. అది మన స్వాతంత్ర్యము. అయితే నడుమ ఎవరును బాధ్యులు కాకపోవుట మన బలహీనత. కాబట్టి హద్దులు ముందే కాగితము మీద ఉండవలెను.

గడువు తేదీతో వ్రాయవలెను. తాత్కాలిక కాపరి ఆ సంఘపు స్థిర కాపరి పదవికి నిలువరాదు. నిలిచినచో ఆయన చేయు ప్రతి పనియు ఓట్ల కొరకే అనిపించును. ఆయన స్థలములు అమ్మరాదు, నియమావళి మార్చరాదు. పాత కాపరి కుటుంబము మిషను ఇంటిలో నున్నచో, వారికి వేరు నివాసము చూపకుండ వెళ్లుమనరాదు.

పెండ్లిండ్ల విషయములో జాగ్రత్త వహింపవలెను. 1872 క్రైస్తవ వివాహ చట్టము క్రింద మన పాస్టర్లకు ఇచ్చు లైసెన్సు సంఘమునకు కాదు, ఆ వ్యక్తికే. ఇచ్చిన రాష్ట్రపు ఎల్లలలోనే అది చెల్లును. ఆంధ్ర నుండి వచ్చిన సేవకుడు అక్కడి లైసెన్సుతో కోయంబత్తూరులో పెండ్లి చేయరాదు. లైసెన్సు గల సేవకుని ముందే చూచుకొనవలెను.

5. ఎవరికి తర్ఫీదు?

రిటైరైన పాస్టర్లు, అనుభవము గల డీకన్లు, స్త్రీల సమాజములో నడిపింపు వరము గల సహోదరీలు ఇందుకు తగినవారు. వారు నేర్వవలసినది ప్రసంగకళ కంటె ముందు వినుట, లెక్కలు చూచుట, ఇరు పక్షములను ఒక చాప మీద కూర్చుండబెట్టుట, సమయము వచ్చినప్పుడు లేచి వెళ్లుట. ఈ చివరిదే అన్నిటికంటె కష్టమైనది. నాటువాడొకడు, నీరు పోయువాడొకడు. పంట ఇద్దరిదియు కాదని నమ్మినవాడే ఆలాగు వెళ్లగలడు.

చర్చకు ప్రశ్నలు

1. రేపు మన కాపరి లేనిచో, తాళపు చెవులును లెక్కల పుస్తకమును ఎవరు ఎవరికి అప్పగింతురు?

2. మన యౌవనస్థులలో తెలుగు బైబిలు చదువగలవారెందరు? ఈ ఆదివారమే లెక్కించుడి.

3. పొరుగు సంఘమునకు ఒక సంవత్సరము సేవ చేసి, మరల తన బెంచీ మీద కూర్చుండగల విశ్వాసి మనలో ఎవరు?

ఆ మూడవ ప్రశ్నకు మీకు తోచిన పేరును ప్రార్థనలో పెట్టుడి. కాపరి ఉన్నప్పుడే ఆ పని మొదలుపెట్టుడి. ప్రధాన కాపరి మన సంఘములను కాయునుగాక. ఆమేన్.