పిండ పరిశోధనకు బ్రిటన్‌లో లైసెన్సు ఎలా తెచ్చుకోవాలి?

బ్రిటన్‌లో మానవ పిండం మీద పరిశోధన చేయాలంటే ముందు హెచ్‌ఎఫ్‌ఈఏ అనే ప్రభుత్వ సంస్థ లైసెన్సు కావాలి. 1990 నాటి చట్టం ప్రకారం, అది లేకుండా పిండాన్ని ల్యాబ్‌లో ఉంచుకోవడం కూడా నేరమే. అక్కడ పీహెచ్‌డీకి వెళ్లే మన విద్యార్థులు ఈ పద్ధతి ముందే తెలుసుకోవాలి.

మొదట ఒక ప్రశ్నకు గట్టి జవాబు రాసుకోండి: ఈ పని ఎలుక పిండాలతోనో, మూలకణాలతోనో ఎందుకు కాదు? మానవ పిండం తప్పనిసరి అని తేలితే తప్ప లైసెన్సు ఇవ్వకూడదు. దరఖాస్తులో ఎక్కువ శ్రమ ఇక్కడే పెట్టండి. లండన్ ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో క్యాథీ నియాకన్ బృందం పిండం తొలి వారం ఎదుగుదలకు ఏ జన్యువులు కావాలో చూడాలనుకుంది. క్రిస్పర్‌తో జన్యువులను సవరించేందుకు 2016 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. ఓసీటీ4 జన్యువు మనిషి పిండంలో చేసే పని ఎలుకలో చేసే పనిలాంటిది కాదని 2017లో వాళ్లు చూపించారు. ఎలుకతో సరిపెట్టుకుంటే ఆ తేడా బయటపడేది కాదు.

ఎథిక్స్ కమిటీ ఆమోదం వేరుగా తెచ్చుకోవాలి. నియాకన్ బృందానికీ ఆ ఆమోదం వచ్చేదాకా జన్యు సవరణ మొదలుపెట్టొద్దని షరతు పెట్టారు.

తర్వాత దంపతుల సమ్మతి. నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి ప్రాణం ఇదే. ఐవీఎఫ్‌లో మిగిలిన పిండాలు ఇచ్చేవాళ్లు ఏళ్ల తరబడి బిడ్డ కోసం తపించినవాళ్లు. ఏ పరిశోధనకు ఇస్తున్నారో వాళ్లకు అర్థమయ్యే మాటల్లో రాయండి. వైద్యం చేసే డాక్టరూ, పిండం కోరే పరిశోధకుడూ ఒకరే కాకూడదు. పిండం వాడకం మొదలయ్యేలోపు దంపతులిద్దరిలో ఎవరు వద్దన్నా ఆపేయాల్సిందే. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పిండాలు తెప్పించుకోవచ్చనుకోకండి. పరిశోధన కోసం విదేశాలకు పంపడాన్ని మన 2021 సహాయక సంతానోత్పత్తి సాంకేతికత (ఏఆర్‌టీ) చట్టం పూర్తిగా నిషేధించింది.

ల్యాబ్‌లో రోజుల లెక్క జాగ్రత్త. 14 రోజులు నిండినా, అంతకుముందే ప్రిమిటివ్ స్ట్రీక్ అనే తొలి శరీర రేఖ కనిపించినా ఆపాలి. ఫ్రీజర్‌లో ఉన్న కాలం లెక్కలోకి రాదు. కాబట్టి బయటికి తీసిన రోజునే రిజిస్టర్‌లో రాయండి. ఆ పిండాన్ని ఏ స్త్రీ గర్భంలోనూ పెట్టకూడదు.

ఆఖరున తనిఖీ. ప్రతి పిండం ఎక్కడి నుంచి వచ్చింది, ఏమైంది అన్నది సమ్మతి పత్రంతో సహా చూపాలి. లైసెన్సు గడువు గరిష్ఠంగా మూడేళ్లే. పని మిగిలితే గడువు ముగియకముందే మళ్లీ దరఖాస్తు పెట్టండి.