ఐదు బండ్లకు చోటుంటే చాలు... సొంత నేలపైనే ఉపాధి

డిగ్రీ పట్టా చేతికొచ్చింది. హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజు కడుతూ మరో ఏడాది కోచింగ్‌కు వెళ్లాలా, ఊళ్లో నాన్న పేరున ఉన్న ఎకరం పావును నమ్ముకోవాలా? సేద్యం ఒక్కటే గిట్టుబాటు కావడం లేదు. అలాగని భూమి అమ్ముకోవడానికి మనసొప్పదు. ఈ సందిగ్ధంలో ఉన్నవారిలో కొందరి పొలాలు అరకు, లంబసింగి, గండికోట, సూర్యలంక, అనంతగిరి, సోమశిల వంటి పర్యాటక ప్రాంతాల దారిలో ఉంటాయి. అలాంటివారు భూమి అమ్మకుండా, సేద్యం మానకుండా మొదలుపెట్టగలిగే స్వయం ఉపాధి ఒకటుంది. అదే చిన్న కారవాన్ సైట్.

కారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు. పడక, వంటగట్టు, చిన్న టాయిలెట్ అన్నీ బండిలోనే ఉంటాయి. అతిథి తన గదిని తానే వెంట తెచ్చుకుంటాడు కాబట్టి మీరు గదులు కట్టక్కర్లేదు. బండి నిలిపేందుకు గట్టి నేల, మంచినీళ్లు, కరెంటు, మురుగు పారబోసే ఏర్పాటు, భయం లేని రాత్రి ఇవ్వగలిగితే చాలు. రిసార్టుకు, దీనికి పెట్టుబడిలో ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

బ్రిటన్ చెప్పే పాఠం

ఈ పనిలో బ్రిటన్ రైతులకు ఏళ్ల అనుభవం ఉంది. అక్కడ కారవాన్ సైట్ నడపాలంటే మామూలుగా ప్లానింగ్ అనుమతి, స్థానిక కౌన్సిల్ లైసెన్సు రెండూ ఉండాలి. అయితే 1960లో వచ్చిన కారవాన్ సైట్ల చట్టం చిన్నవారికి ఒక వెసులుబాటు కల్పించింది. గుర్తింపు పొందిన సంస్థ ధ్రువపత్రం ఇస్తే, దాని సభ్యుల కోసం ఒకేసారి ఐదు కారవాన్ల వరకు నిలుపుకోవచ్చు. ఆ ధ్రువపత్రం గడువు ఏడాదికి మించదు. 1901లో పుట్టిన క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్, 1907లో మొదలై ఇప్పుడు కారవాన్ అండ్ మోటార్‌హోమ్ క్లబ్‌గా పిలుస్తున్న సంస్థ ఇలా ధ్రువపత్రాలిచ్చేవాటిలో ప్రధానమైనవి.

ఆ సైట్లలో చాలావాటిలో ఈతకొలను ఉండదు, రెస్టారెంట్ ఉండదు. కొన్నింటిలో స్నానాల గది కూడా కనిపించదు. తాగునీటి కొళాయి, టాయిలెట్ క్యాసెట్ (బండి టాయిలెట్ మలినం చేరే డబ్బా) ఖాళీ చేసే చోటు, చెత్త వేసే ఏర్పాటు, బండికీ బండికీ మధ్య 6 మీటర్ల ఎడం... ఇవి మాత్రం తప్పనిసరి. మంటలు ఒక బండి నుంచి మరో బండికి పాకకుండా ఉండాలన్నదే ఆ ఎడం ఉద్దేశం. గొర్రెల మంద పక్కన, ఆపిల్ తోట చివర అలాంటి సైట్లు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. వ్యవసాయం వ్యవసాయమే, సైట్ దానికి తోడు. మన యువత నేర్చుకోవాల్సింది ఆ ఐదు బండ్ల హద్దునే. ఐదు బండ్లను ఒక కుటుంబం సొంతంగా చూసుకోగలదు. యాభై బండ్లంటే సిబ్బంది కావాలి, అప్పు కావాలి. అప్పుడు పొలం పక్కకు పోతుంది.

మన దేశంలో, మన దగ్గర

మన దేశంలో ఈ దారి పట్టిన రాష్ట్రాల్లో కేరళ ఒకటి. ‘కేరవాన్ కేరళ’ పేరుతో 2021లో అక్కడి ప్రభుత్వం ప్రత్యేక విధానం తెచ్చింది. పార్కుకు కనీసం 50 సెంట్ల స్థలం, కనీసం ఐదు బండ్లు నిలిపే చోటు ఉండాలని నిర్ణయించింది. తొలి పార్కు 2022లో వాగమన్‌లో మొదలైంది. బ్రిటన్‌లో ఐదు గరిష్ఠం, కేరళలో కనిష్ఠం. అయినా అర ఎకరంతో మొదలుపెట్టవచ్చన్న విషయం మాత్రం తేలిపోయింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. తెలంగాణ 2025-30కి తన విధానాన్ని ప్రకటించింది. కారవాన్లు, హోమ్‌స్టేలకు ఇచ్చే రాయితీల మార్గదర్శకాలు మారుతుంటాయి కాబట్టి జిల్లా పర్యాటక అధికారి కార్యాలయానికి వెళ్లి తాజా ఉత్తర్వుల ప్రతి తీసుకోవడమే మొదటి పని.

ఏజెన్సీ ప్రాంతాల గిరిజన యువత ఒక మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 1/70 చట్టం వల్ల అక్కడి భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. అంటే లంబసింగి మంచును, అరకు కాఫీ తోటలను చూడటానికి వచ్చేవారికి సొంత నేలపై చట్టబద్ధంగా ఆతిథ్యం ఇవ్వగలిగే హక్కు మీది. ఎవరో పెట్టుబడి పెడతామంటూ మీ పేరు మాత్రం వాడుకుంటామంటే ఒప్పుకోకండి. పేరుతో పాటు యాజమాన్యం, లాభం కూడా మీ చేతిలోనే ఉండాలి.

ఈ పని ఎవరికి నప్పుతుంది?

మార్కుల కంటే మనిషి తీరు ముఖ్యం. రాత్రి పదకొండింటికి దారి తప్పిన అతిథి ఫోన్ చేస్తే విసుక్కోకుండా టార్చి పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లగలగాలి. కొళాయి కారితే వాషర్ మార్చడం, ట్రిప్ అయిన స్విచ్ ఎందుకు పడిందో కనిపెట్టడం రావాలి. టాయిలెట్ కడగడాన్ని చిన్నతనంగా భావించేవారు ఈ పనిలోకి రాకపోవడమే మంచిది. తెలుగుతో పాటు హిందీ, ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు మాట్లాడగలిగితే మేలు. ఇంట్లో మరొకరి తోడు తప్పనిసరి. ఒక్కరే వారంలో ఏడు రోజులూ కాపలా ఉండలేరు.

సైట్‌లో ఏముండాలి?

దారి: కారవాన్‌గా మార్చిన వ్యాను ఎత్తూ ఎక్కువే, బరువూ ఎక్కువే. పొలం గేటు నాలుగు మీటర్ల వెడల్పు ఉంటే ఇబ్బంది ఉండదు. కిందికి వేలాడే కరెంటు తీగలు, చెట్ల కొమ్మలు ముందే చూసుకోవాలి. వాన పడితే నల్లరేగడిలో చక్రాలు దిగబడతాయి. కోస్తాలో గ్రావెల్ అన్నా, తెలంగాణలో మొరం అన్నా అది పోసి రోలర్‌తో గట్టిగా తొక్కించాలి. బండి నిలిపే చోటు చదునుగా లేకపోతే లోపల మంచాలు ఒరిగి నిద్ర పట్టదు.

కరెంటు: వ్యవసాయ మోటారు కనెక్షన్ నుంచి అతిథుల బండ్లకు తీగ లాగడం నేరం. వాణిజ్య కనెక్షన్ విడిగా తీసుకోవాలి. 16 ఆంపియర్ల సాకెట్ నుంచి 230 వోల్టుల వద్ద దాదాపు 3.7 కిలోవాట్లు వాడుకోవచ్చు. ఐదు చోట్లా ఒకేసారి అంత వాడితే 18 కిలోవాట్లు దాటుతుంది. ఎంత లోడు, ఏ ఫేజు కావాలో దరఖాస్తుకు ముందే తేల్చుకోండి. ప్రతి సాకెట్‌కూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. తడి నేల మీద చెప్పుల్లేకుండా నడిచే పిల్లల ప్రాణాలు దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఇక్కడ పొదుపు చేయవద్దు.

నీళ్లు: బండికి రోజుకు 150 లీటర్లు అనుకుంటే ఐదింటికి 750 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు సరిపోతుంది. బోరు నీటిని ఏటా పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని కొళాయి దగ్గర అతికించండి.

మురుగు: సైట్‌కు మంచి పేరొచ్చినా, చెడ్డ పేరొచ్చినా దీనివల్లే. గిన్నెలు కడిగిన నీళ్లు ఇంకుడు గుంతలోకి వెళ్లాలి. టాయిలెట్ క్యాసెట్‌లోని మలినం సెప్టిక్ ట్యాంకులోకి వెళ్లాలి. అయితే కొన్ని క్యాసెట్లలో పోసే ఫార్మాల్డిహైడ్ ద్రవం ట్యాంకులోని మేలుచేసే బ్యాక్టీరియాను చంపేస్తుంది. బ్యాక్టీరియాకు హాని చేయని ద్రవమే వాడాలని బుకింగ్ సమయంలోనే చెప్పాలి. సెప్టిక్ ట్యాంకును బోరుకు వీలైనంత దూరంగా, పల్లం వైపు కట్టించండి. మీ అతిథి వదిలిన మురుగు పక్క రైతు బావిలోకి చేరితే, ఎన్ని అనుమతులున్నా ఊరు మిమ్మల్ని క్షమించదు.

భద్రత: గడ్డి పొట్టిగా కోయించాలి. నడిచే దారిలో తక్కువ వెలుతురు దీపాలు, అందరికీ కనిపించేలా మంటలార్పే సిలిండర్లు, పాముకాటు మందు దొరికే దగ్గరి ఆసుపత్రి నంబరు ఉండాలి. చలిమంటకు ఒకే చోటు కేటాయించండి. రాత్రి పది తర్వాత స్పీకర్లు వద్దన్న నియమం అతిథులకే కాదు, పక్క పొలంలో పడుకునే రైతుకూ మేలు చేస్తుంది.

అనుమతులు, నమోదులు

పట్టాదారు పాసు పుస్తకం, సర్వే హద్దులు సరిచూసుకోవాలి. వ్యవసాయ భూమిని వేరే పనికి వాడాలంటే ఏ నియమాలు వర్తిస్తాయో తహసీల్దారు కార్యాలయంలో లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. పంచాయతీ అనుమతి, చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యమ్ నమోదు అవసరమవుతాయి. సముద్ర తీరంలో తీర ప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనలు వర్తిస్తాయి. అటవీ భూమిలో అడుగు కూడా పెట్టకూడదు. భోజనం అమ్మితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు కావాలి. సేవల టర్నోవరు ఏడాదికి రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు చేయించుకోవాలి. ప్రతి అతిథి గుర్తింపు కార్డు వివరాలు రాసుకోవాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో అధికారులకు తెలియజేయాలి. ప్రమాదం జరిగితే పరిహార భారం మీద పడకుండా పబ్లిక్ లయబిలిటీ బీమా తీసుకోండి.

ఆదాయం ఎంత?

కాగితం మీద లెక్క వేద్దాం. మన ఎండల్లో బండిలో పడుకోవడం కష్టం కాబట్టి అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే సీజన్ అనుకుందాం. ఆ 150 రాత్రుల్లో 40 వారాంతపు రాత్రులకు నాలుగేసి బండ్లు, మిగతా 110 రాత్రులకు ఒక్కో బండి వస్తే మొత్తం 270. బండికి రాత్రికి రూ.800 చొప్పున రూ.2,16,000. కరెంటు, శుభ్రత, మరమ్మతులు, బీమాకు మూడో వంతు పోతే రూ.1,44,000 మిగులుతుంది. నెలకు సర్దితే రూ.12 వేలు.

ఇది ఉదాహరణ మాత్రమే. మీ ఊరి ధర వేరు, గిరాకీ వేరు. అయినా ఈ లెక్క ఒక విషయం చెబుతోంది. ఐదు బండ్ల సైట్ ఒక్కటే కుటుంబాన్ని పోషించదు. పొలం, పాడి లేదా మరో చిన్న కొలువుతో కలిస్తేనే నిలబడుతుంది. అందుకే భూమి తాకట్టు పెట్టి మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. పొద్దున్నే రాగి జావ, పెసరట్టు, తోటలో కోసిన జామకాయలు, ఇంట్లో దంచిన కారం లాంటివి అతిథులకు అమ్మగలిగితే రాబడి పెరుగుతుంది. ఆ డబ్బు నేరుగా ఇంటి ఆడవాళ్ల చేతికే వచ్చేలా చూడండి. శ్రమలో సగం వాళ్లదే.

ఏం చదవాలి? పెట్టుబడి ఎక్కడ?

దీనికంటూ ప్రత్యేక డిగ్రీ అక్కర్లేదు. ఆతిథ్య రంగంలో పునాది కావాలనుకునేవారు ఇంటర్ తర్వాత ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాసి హోటల్ మేనేజ్‌మెంట్ కోర్సులో చేరవచ్చు. హైదరాబాద్‌లోని ఐహెచ్‌ఎం అందుకు ఒక వేదిక. పర్యాటక నిర్వహణ చదవాలంటే నెల్లూరులో ఐఐటీటీఎం ఉంది. పదో తరగతితో ఆగినవారికి ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ప్లంబర్ ట్రేడ్లు ఈ పనిలో ఏ డిగ్రీకీ తీసిపోవు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు భోజనం, వసతితో ఉచితంగా శిక్షణ ఇస్తాయి. అక్కడ పద్దులు రాయడం, బ్యాంకుకు ప్రాజెక్టు నివేదిక తయారు చేయడం నేర్చుకోండి.

రుణం అవసరమైతే ముద్ర, పీఎంఈజీపీ పథకాల గురించి బ్యాంకులో వాకబు చేయండి. పీఎంఈజీపీ నిబంధనల్లో సేవారంగానికి ప్రాజెక్టు పరిమితి రూ.20 లక్షలు. గ్రామాల్లో జనరల్ వర్గానికి 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, మహిళలు తదితరులకు 35 శాతం సబ్సిడీ. భూమి ధరను ప్రాజెక్టు వ్యయంలో చూపడానికి వీల్లేదు కాబట్టి సొంత స్థలం ఉన్నవారికే ఇది కలిసొస్తుంది. దరఖాస్తు చేసేనాటికి అమల్లో ఉన్న నిబంధనలు సరిచూసుకోండి.

ఇలా మొదలుపెట్టండి

తొలి ఏడాది రెండు చోట్లు మాత్రమే సిద్ధం చేయండి. అవి నిండుతుంటేనే మూడోది వేయండి. గూగుల్ మ్యాప్స్‌లో సరైన గేటు గుర్తు పెట్టండి. చివరి కిలోమీటరు రోడ్డు ఎలా ఉంటుందో ఫొటోతో సహా చెప్పండి. గతుకులుంటే గతుకులున్నాయనే రాయండి. నిజం తెలిసి వచ్చిన అతిథి తృప్తిగా వెళ్తాడు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. అనుమతుల కాగితాలు కదలకముందే, గ్రావెల్ లోడు దిగకముందే, మీరు ఎంచుకున్న చోట ఒక పాత వ్యానో, ట్రాక్టర్ ట్రాలీయో నిలిపి ఇంట్లో ఒకరితో కలిసి ఆ రాత్రి అక్కడే పడుకోండి. దోమలు ఏ వేళకు వస్తాయో, గాలి ఎటు నుంచి వీస్తుందో, లారీల మోత ఎంతవరకు వినిపిస్తుందో, అర్ధరాత్రి బయటికి వెళ్లాలంటే భయమేస్తుందో లేదో తెలుస్తుంది. తెల్లవారి లేచాక, మళ్లీ ఈ రాత్రికి ఇక్కడే పడుకోవాలని మీకే అనిపిస్తే, అప్పుడు తహసీల్దారు కార్యాలయానికి బయల్దేరండి.